ఏ ఓడలో వచ్చావని గుర్రాన్ని అడిగాను

మద్రాసులో పందెం గుర్రాల ట్రైనరు కాసిం సాహెబు లాయం ఖాళీ అయిపోతుందన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు మా బంగార్రాజు బావ. మా మేనత్త కొడుకు. మద్రాసు నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చే ఓడలో స్టూవర్డుగా పనిచేసేవాడు. ఓడ జెట్టీకి తగలగానే డ్యూటీ దిగి, బస్సెక్కి ప్రోతరాపూర్‌లో మా ఇంటికి వచ్చేవాడు. నాకోసం మద్రాసు నుంచి గుర్రప్పందేల పుస్తకాల కట్ట తెచ్చేవాడు. ఆ రోజు కట్ట అరుగు మీద పడేసి, మంచినీళ్లు కూడా అడగకుండా మొదలెట్టాడు.

"సత్తీ, ఈ తూరి మీ పత్రికోళ్లు ట్రైనర్ల పట్టీ ఏస్తన్నారంట కదా, ఎవులు పైన ఎవులు కింద అని. కాసిం సాహెబు అట్టడుగున ఉన్నాడంట. అది అచ్చయిందా, గుర్రాలిచ్చిన సేట్లు ఆటిని తోలుకుపోతారు. బస్, ఖతం."

"మరి అప్పన్న బావ?"

"లాయం లేకపోతే అప్పన్నేటి సేస్తాడు? సముద్రం ఒడ్డున పీతల్ని కాస్తాడా?"

అప్పన్న బావ బంగార్రాజు బావకి అన్న. మా దీవిలోనే, వండూర్ ఒడ్డున వల లాగి పెరిగినవాడు. మద్రాసు వెళ్లి కాసిం సాహెబు దగ్గర సైసుగా కుదిరాడు. గుర్రాన్ని కడగడం, మేపడం, నడిపించడం సైసు పని.

ఆ పట్టీలో అంకెలు కట్టి, పోయిన ఓడలో మద్రాసు పంపింది నేనే.

ఈ పనిలోకి ఎలా వచ్చాను

ఇప్పుడు కంప్యూటర్ల ముందు కూర్చుని పందేల లెక్కలు కట్టే ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీకు అంకెలకి కొదవ లేదు. మాకు అంకెలు ఓడలో వచ్చేవి.

నేను బడికి వెళ్లలేదు. మా అమ్మ దేవుడి పాటల పుస్తకం పట్టుకుని అక్షరాలు నేర్పింది. నాన్న చేపల లెక్కతో కూడికలు నేర్పాడు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం పందేల పుస్తకాలే నేర్పాయి. ఓడ ప్రయాణికులు కేబిన్లలో వదిలేసిన పుస్తకాలు బంగార్రాజు బావ తెచ్చేవాడు, చదువుకునేదానికి ఏదో ఒక కాగితం ఉంటుందని. వాటిలో గుర్రాల పేర్లు మారిపోతూ ఉండేవి. రెండేళ్లు కనబడిన గుర్రం మూడో ఏడు కనబడదు. జాకీలు మారిపోయేవారు. ట్రైనరు పేరు మాత్రం ఉండిపోయేది. ఆ పేరు వెంట పడ్డాను.

మద్రాసులో తెలుగువాళ్ల కోసం ఒక పందేల వారపత్రిక ఉండేది. అందులో ఒక ట్రైనరు గురించి తప్పు రాశారని కార్డు ముక్క రాశాను. ఎడిటరు రాఘవయ్య గారు జవాబిచ్చారు. "అమ్మా, మా ఆఫీసులో ఎవరికీ కనబడని తప్పు అంత దూరంలో నీకెలా కనబడింది?" అని అడిగారు. నాకు తోచింది రాశాను. పందెం అయిపోయిన చాలా రోజులకి గాని నాకు పుస్తకం రాదు. గుర్రం సంగతి అప్పటికే పాతబడిపోతుంది. మనిషి అలవాటు మాత్రం అంత తొందరగా పాతబడదు. ఏ ట్రైనరు కొన్నాళ్లు సెలవిచ్చి తెచ్చిన గుర్రాన్ని మొదటి పరుగులోనే గెలిపిస్తాడు, ఎవరు మూడో పరుగు దాకా ఆగుతాడు, ఎవరు గెలుపు మీద నమ్మకం ఉన్నప్పుడే ఫలానా జాకీని ఎక్కిస్తాడు, ఇవన్నీ ఓడ ఆలస్యమైనా చెడిపోని సరుకు. ఆ జవాబు చూసి ఆయన నాకు పని ఇచ్చారు. ఆయనకి ఇప్పటికీ రోజూ దండం పెట్టుకుంటాను.

అమ్మకి మాత్రం కంటగింపుగా ఉండేది.

"దీపం ముందర ఆ గుర్రాల బొమ్మలేటే? స్వామి సూస్తన్నాడు."

"నేను పందెం కాయట్లేదు కదమ్మా."

"కాయవు. కాసేవోళ్లకి దారి సూపిస్తన్నావు. తేడా ఏటో నువ్వే సెప్పు."

ఒక నియమం పెట్టుకున్నాను. నేను కాయను, నా ఎదుట కూర్చున్న మనిషికి ఫలానాది గెలుస్తుందని చెప్పను. సింహాద్రి అప్పన్న స్వామికి దండం పెట్టకుండా కట్ట విప్పను. పిల్లలకి నా మాట కూడా ఇదే. లెక్క కట్టేవాళ్లు కాయకూడదు. కాసిన రోజున కన్ను తనకి కావలసిన అంకెనే చూస్తుంది.

ఈ పనిలో అన్నిటికంటే కష్టం కాలు నిలవకపోవడం. నేను తల బద్దలుకొట్టుకుంటున్న పందెం అక్కడ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఏమైందో నాకు తప్ప అందరికీ తెలుసు. ఓడ వచ్చే రోజుల్లో వంటింట్లో నిలబడలేకపోయేదాన్ని. ఎసరు పెట్టి వాకిట్లోకి, వాకిట్లోంచి రోడ్డు మీదికి. జపమాల తిప్పినా వేళ్లు తిరిగేవి, మనసు జెట్టీ మీద ఉండేది.

రాఘవయ్య గారి కోపం

ఆయన మంచివారే, కానీ ముక్కుమీద కోపం. నా రాతల్లో "అనుకుంటాను" అనే మాట కనబడితే ఎర్ర సిరాతో కొట్టేసేవారు. "నువ్వు అనుకునేది ఎవడికి కావాలి? చూసింది రాయి" అనేవారు. అది నాకు మేలే చేసింది. కానీ పైనుంచి కింద దాకా ఒకే వరసలో పట్టీ వేయాలన్న సరదా ఆయనకి ఎక్కువ. పాఠకులు వరసలంటే పడిచస్తారని ఆయన నమ్మకం. పైన ఎవరు, కింద ఎవరు అన్నది చదివినంత ఇష్టంగా జనం మరేదీ చదవరు, అది నిజమే. కానీ ఆ వరస ఏం కొలుస్తోందో ఒక్కరూ అడగరు.

ఒకసారి వేసవిలో ఒక ట్రైనరు పేరు పుస్తకాల్లో కనబడడం మానేసింది. కట్ట తర్వాత కట్ట చూశాను, లేదు. ఆయన పని మానుకున్నట్టుందని రాశాను, వాళ్లు వేశారు. మర్నాడే ఆయన ఉన్ని కోటు చంకన పెట్టుకుని ఆఫీసుకొచ్చి, "నేను బతికే ఉన్నానండీ, ఊటీలో ఉన్నాను" అన్నాడట. ఎండాకాలం గుర్రాలని కొండమీదికి తోలుకెళ్లి అక్కడ పందేలు ఆడతారని మద్రాసులో ప్రతివాడికీ తెలుసు. నాకు తెలియదు. మా దీవుల్లో దిగినవాళ్లు దిగినచోటే ఉంటారు. ఎండకి ఊరు మార్చే మనుషుల్ని నేను చూడలేదు. పైగా మద్రాసు పుస్తకాలే నాకు వచ్చేవి, ఊటీ పుస్తకాలు రావు.

రాఘవయ్య గారి ఉత్తరం మండిపోతూ వచ్చింది. "నీ కాగితంలో లేనివాడు లోకంలో లేడని ఎలా రాశావు?" అని. ఆ వాక్యం నాకు తర్వాత ఒకసారి బాగా పనికొచ్చింది.

అమ్మ ఒకరిని తిట్టనివ్వలేదు

బంగార్రాజు బావ కబురు చెప్పి వెళ్లాక నా లెక్క మళ్లీ చూసుకున్నాను. నేను తప్పు అంకె వేయలేదు. ఎన్ని పరుగులు, అందులో ఎన్ని గెలుపులు, రాఘవయ్య గారు అడిగింది అదే. కాసిం సాహెబు నిజంగానే అడుగున ఉన్నాడు. మరి నాకెందుకు కుదురు లేదు? పాత కట్టలు విప్పుతాను, మళ్లీ కడతాను. ఓడ సరుకు దించుకుని మళ్లీ బయల్దేరేలోగా ఏదైనా చెయ్యాలి, కానీ ఏం చెయ్యాలో తెలియదు.

సాయంకాలం పక్కింటి నూకాలమ్మ వచ్చి అరుగు మీద అమ్మ దగ్గర కూర్చుంది. వీధి చివర మనిషి గురించి మాట.

"ఇన్నేళ్లయినా ఆ రేకుల కొట్టమే. ఏటి బాగుపడ్డాడు? మా తమ్ముడు సూడు, పక్కా ఇల్లు కట్టీసినాడు."

అమ్మకి కోపం వచ్చింది. "మీ తమ్ముడు ఏ ఓడలో దిగినాడే? పెట్టెల్తో, పెళ్లాంతో, గవర్మెంటు కాగితంతో దిగినాడు. ఆడు ఏ ఓడలో దిగినాడో తెలుసా? కట్టుబట్టల్తో, జొరంతో, స్ట్రెచరు మీద దిగినాడు. ఆడు రేకులేసినాడంటే నీ తమ్ముడు మేడ కట్టినట్టు."

"ఓలమ్మ, నీకంత కోపమేటే దీదీ!" అంటూ నూకాలమ్మ నవ్వేసింది.

నేను నవ్వలేదు. గబగబా లోపలికి వెళ్లాను.

మా దీవుల్లో కొత్త మనిషి కనబడితే పేరు తర్వాత అడుగుతాం. ఏ ఊరినుంచి, ఏ ఓడలో వచ్చావని ముందు అడుగుతాం. అది తెలిస్తే మిగతావన్నీ తెలుస్తాయి. అందరం ఎక్కడినుంచో వచ్చి దిగినవాళ్లమే కాబట్టి ఇక్కడ ఎవరి బాగునైనా వాళ్లు దిగిన రోజు నుంచి కొలుస్తాం. పుట్టినప్పటినుంచీ వింటున్న ఆ ప్రశ్నని నేను గుర్రాన్ని ఎప్పుడూ అడగలేదు.

ఆ సాయంకాలం అడిగాను. కాసిం సాహెబు లాయంలో ఉన్న ఒక్కో గుర్రాన్నీ వెనక్కి తీసుకెళ్లాను. పందేల పుస్తకంలో గుర్రం పాత పరుగులుంటాయి, అప్పటి ట్రైనరు పేరుంటుంది. చూస్తే, దాదాపు అన్నీ వేరే లాయాలు వదిలేసినవే. కాలు వాచి కొన్ని, పరుగు మధ్యలో ఆగిపోయి కొన్ని, బొత్తిగా పరిగెత్తక కొన్ని. పెద్ద ట్రైనర్లకి సేట్లు కొత్త గుర్రాల్ని ఇస్తారు. అవి కుంటుపడ్డాక కాసిం సాహెబు దగ్గరికి వస్తాయి. ఆయన దగ్గర మెల్లగా మళ్లీ పరిగెడతాయి. మూడో స్థానం, రెండో స్థానం, ఎప్పుడో ఒక గెలుపు. గెలుపులు లెక్కపెడితే ఆయన అడుగున. వచ్చిన రోజున గుర్రం ఎక్కడుంది, ఇప్పుడెక్కడుంది అని లెక్కపెడితే ఆయన అందరికంటే పైన.

తంతి ఆఫీసులో

ఇదంతా రాసి ఓడలో పంపితే అది మద్రాసు చేరేలోగా పట్టీ అచ్చయిపోతుంది. పొద్దున్నే తంతి ఆఫీసు తలుపు దగ్గర నిలబడ్డాను. గుమాస్తా ఇక్కడే పుట్టిన తెలుగు కుర్రాడు. నేను రాసుకెళ్లిన ఇంగ్లీషు ముక్క చదివి కళ్లద్దాలు పైకి తోశాడు.

"దీదీ, ఇదేటి? ఘోడా అంటన్నావు. పోర్ట్ బ్లెయిర్‌లో ఘోడా ఎక్కడుంది?"

"మద్రాసులో ఉంది. నువ్వు కొట్టు భయ్యా."

"జువ్వా మామ్లా, జూదం యవ్వారం కాదు కదా? నా నౌకరీ పోద్ది."

"మా అమ్మ కూడా అదే అడుగుతోంది. కాదు."

"మరి నువ్వు ఆ ఘోడాని సూసినావా?"

"ఈ జన్మలో ఒక్క పందెం గుర్రాన్నీ చూడలేదు."

అతను నా మొహంలోకి చూశాడు. పిచ్చిదాన్ననుకున్నాడో, జాలిపడ్డాడో. "ఇంత పొడుగు వొద్దు దీదీ, నేను పొట్టి సేస్తాను" అని తనే ఇంగ్లీషు సరిచేశాడు. కాసిం పట్టీ ఆపండి, గుర్రాలు ఎవరి దగ్గర్నుంచి వచ్చాయో చూడాలి, వివరం ఓడలో వస్తోంది. ఇంతే దాని అర్థం. అతని మేలు కూడా మరువను.

వివరమంతా రాసి బంగార్రాజు బావ చేతికిచ్చాను. ఓడ వెళ్లింది. ఆ తర్వాత గాలివాన పట్టుకుంది. తిరుగు ఓడ ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు. తంతి అందిందో లేదో తెలియదు. అందినా రాఘవయ్య గారు ఒక ఆడమనిషి మాట మీద కూర్చిన పేజీ తీయిస్తారా? జెట్టీకి వెళ్లి ఖాళీ సముద్రాన్ని చూసి వచ్చేదాన్ని. "కూకో తల్లీ, నువ్వు నడిస్తే ఓడ నడవదు" అనేది అమ్మ. కూర్చునేదాన్ని. మళ్లీ లేచేదాన్ని.

చివరికి బావ వచ్చాడు. ఈసారి మంచినీళ్లు అడిగాడు. అప్పుడే నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

"నీ తంతి అందినాది. మీ రాఘవయ్య గారు అచ్చెక్కిన పేజీ దింపించీసినాడంట. ప్రెస్సోళ్లు నిన్ను తిట్టని తిట్టు నేదు."

తర్వాతి సంచికలో రెండు పట్టీలూ పక్కపక్కన వేశారు. ఒకటి గెలుపులది, రెండోది వదిలేసిన గుర్రాల్ని ఎవరు నిలబెట్టారన్నది. సేట్లు గుర్రాలని కదిలించలేదు. కాసిం సాహెబు లాయం నిలబడింది, అప్పన్న బావ పనీ నిలబడింది. అమ్మ ఆ పత్రికని దీపం దగ్గర పెట్టింది. గుర్రాల బొమ్మ కనబడకుండా బోర్లించి పెట్టిందనుకోండి.

నేను అక్కడితో కథ అయిపోయిందనుకున్నాను. కాసిం సాహెబు చేతిలో ఏదో మహిమ ఉందని ఏళ్ల తరబడి రాశాను. పాఠకులు నమ్మారు.

అంకె దిగిపోయింది

కొన్నేళ్లకి ఆయన అంకెలు దిగడం మొదలయ్యాయి. అవే రకం గుర్రాలు వచ్చేవి, కానీ లేచేవి కావు. రాఘవయ్య గారు రాశారు, "కాసింకి వయసైపోయినట్టుంది, నాలుగు వాక్యాలు రాసి పంపు" అని. రాశాను కూడా. కవరులో పెట్టాక ఉన్ని కోటు పెద్దమనిషి గుర్తొచ్చాడు. నా కాగితంలో లేనిది ఏదైనా ఉందేమో. ఆ ఓడకి కవరు పంపలేదు. ముందు కాసిం సాహెబునే అడిగి రమ్మని బంగార్రాజు బావకి చెప్పాను.

బావ తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"సాహెబు నవ్వినాడు సత్తీ. 'దీదీ కో బోలో, మేరా హాథ్ నహీ గిరా. మేరా అప్పన్న గయా' అన్నాడు."

తన చెయ్యి పడిపోలేదు, తన అప్పన్న వెళ్లిపోయాడు. ఇదే ఆ మాట. వయసు మీదికో, దాణా మీదికో, దురదృష్టం మీదికో తోసేయగలిగిన మనిషి, అడగ్గానే తన పేరును సైసుకి ఇచ్చేశాడు. ఇన్నేళ్లలో ఎందరో ట్రైనర్ల గురించి రాశాను, ఇలాంటి మాట మరొకరి నోట వినలేదు. దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి.

భార్యకి జబ్బు చేయడంతో అప్పన్న బావ అంతకుముందే వండూర్ వచ్చేశాడు. నాకు తెలుసు. ఆమెకి పళ్లు తీసుకుని చూడడానికి కూడా వెళ్లాను. ఆ రాకకీ ఆ అంకెకీ ముడి ఉందని మాత్రం నాకు తట్టలేదు. మర్నాడే వండూర్ బస్సెక్కాను.

ఆయన పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తల పూర్తిగా నెరిసింది. నేను విషయం చెప్పగానే సిగ్గుపడ్డాడు.

"సాహెబుకి ఏటి పనిలేదా? నానేటి సేసినాను?"

"అదే చెప్పమని వచ్చాను బావా."

"ఏటుంది సెప్పడానికి. కాలు వాసిన గుర్రానికి ఉప్పునీళ్లు మంచివని అక్కడందరికీ తెలుసు. అయితే మద్రాసు అల మంచిది కాదు. సైసులు మోకాటి దాకా దిగి ఒచ్చీసీవోరు. ఆళ్లకి బయం. ఆళ్ల బయం తాడు మీంచి గుర్రానికి ఎల్లిపోద్ది. నాకు బయమేటి, నాను వండూరోణ్ని. రోజూ పొద్దున్న నడుం దాకా తీసుకెల్లీవోణ్ని."

"రోజూనా?"

"ఆదివారం అల మానేస్తాదేటి? కాలు నొప్పని గుర్రం మనకి సెప్పదు సత్తీ. నీళ్లలో సెప్తాది. నొప్పి కాలు మీద బరువెయ్యకుండా మన మీదికి ఒరుగుతాది. ఎంత ఒరిగిందో నాకు బుజం మీద తెలిసిపోద్ది. ఒరగడం మానీసిన్నాడు సాహెబుకి సెప్పీవోణ్ని, ఇంక పరిగెట్టించు అని. అంతే."

"ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేం?"

"నువ్వడిగినావా? గుర్రం ఎక్కణ్ణుంచొచ్చిందని అడిగినావు. నడిపించినోడు ఎక్కణ్ణుంచొచ్చినాడని అడగనేదు." అని పెద్దగా నవ్వాడు. "అయినా గుర్రాన్ని సూడకుండా గుర్రాల లెక్కలు రాసీ మనిషివి, నీకు సెప్తే ఏటర్థమవుద్ది? రా, సూపిస్తాను."

లేచి నీళ్లలోకి నడిచాడు. వండూర్ సముద్రం ఆ వేళ నిమ్మళంగానే ఉంది. నడుం లోతున నిలబడి ఎడమ చెయ్యి పైకెత్తాడు, పొడుగాటి మెడ కింద తాడు పట్టుకున్నట్టు. అల వస్తుంటే ముందు తన వీపు అడ్డం పెట్టాడు. అల దాటాక పక్కకి తిరిగి, అక్కడ లేని మొహానికి ఏదో మెల్లగా చెప్పాడు. భుజం కొంచెం కిందికి వంగింది, దాని మీద ఎవరో ఒరిగినట్టు. ఒడ్డున నిలబడి నేను మొదటిసారి పందెం గుర్రాన్ని చూశాను.

ఇంటికొచ్చి ఆ కవరు పొయ్యిలో పెట్టేశాను. రాఘవయ్య గారికి జరిగింది జరిగినట్టు రాశాను. ఆయన వేశారు, ఒక్క మాట కూడా కొట్టకుండా.

పిల్లలూ, ట్రైనరు పేరు కింద అంకె వేసేటప్పుడు అది ఒక్క మనిషి అంకె కాదని తెలుసుకుని వేయండి. అది ఒక లాయం మొత్తానిది. అంకె ఎక్కినా దిగినా, ముందు ట్రైనరు వయసు అడగకండి. లాయంలోకి ఎవరొచ్చారు, ఎవరు వెళ్లిపోయారు అని అడగండి. పందేల పుస్తకంలో గుర్రం పేరుంటుంది, దాని తల్లిదండ్రుల పేర్లుంటాయి, యజమాని, ట్రైనరు, జాకీ ఉంటారు. సైసు పేరుకి గడి లేదు. నేను పనిచేసినన్నాళ్లూ లేదు, ఇప్పుడూ లేదని విన్నాను.

అప్పన్న బావ ఇప్పుడు లేడు. భార్య పోయిన తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. మీలో ఎవరైనా మద్రాసు వెళ్లినప్పుడు, పొద్దున్నే బీచిలో ఒక మనిషి గుర్రాన్ని నీళ్లలోకి నడిపిస్తూ కనబడితే, ఒక్క నిమిషం ఆగండి. అల వచ్చినప్పుడు అతను తన వీపు అడ్డం పెడుతున్నాడేమో చూడండి. పెడితే, మా వండూర్ అప్పన్నని ఒక్కసారి తలుచుకోండి.